తిరగేసి రాసిన రెండక్షరాలు

దాదాపు నలభై ఏళ్ళుగా నేను ఒకావిడకి కృతజ్ఞతలు చెబుతూ వస్తున్నాను. ఆ కృతజ్ఞత వెనకాలే ఆవిడకి చేసిన అన్యాయాన్ని దాచుకున్నాను. ఈ రెండు వాక్యాలు రాయడానికి నాలుగు కాగితాలు చింపాను. మొదటి కాగితంలో "అన్యాయం" బదులు "పొరపాటు" అని రాశాను. రెండోదాంట్లో "పరిస్థితులు" అని మొదలుపెట్టాను. ఈ వయసులో కూడా నా చెయ్యి నన్ను కాపాడాలనే చూస్తుంది, ఏం చెప్పమంటారు!

మా ఇంట్లో ప్రతి ఏడూ థాంక్స్‌గివింగ్ నాడు బల్ల చుట్టూ కూర్చుని, ఎవరికి కృతజ్ఞులమో ఒక్కొక్కళ్ళమూ చెప్పాలి. పిల్లలు స్కూల్లో నేర్చుకొచ్చి మాకు అంటగట్టిన ఆచారం. నా వంతు రాగానే నేను రూత్ పేరు చెబుతాను. మా అమ్మాయి కళ్ళు తిప్పి, "డాడీ, మళ్ళీ రూత్ ఆంటీయేనా?" అంటుంది. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఆ నవ్వులో నాకు ఒళ్ళు జలదరిస్తుందని ఇన్నేళ్ళలో ఎవరూ కనిపెట్టలేదు.

నా పేరు చెప్పను. కానీ రెండక్షరాలు చెప్పకపోతే ఈ కథ మీకు అర్థం కాదు. మా ఇంటిపేరు కె తో మొదలవుతుంది, నా పేరు ఆర్ తో. మనవాళ్ళు రాసుకునే పద్ధతిలో నేను కె.ఆర్. ఇంటిపేరు ముందు, మనిషి వెనక. డెబ్భైల చివర్లో చదువుకోవడానికి ఈ దేశం వచ్చి, డిగ్రీ చేతికి రాగానే టెక్సాస్‌లో, ప్లేనో దగ్గర ఒక చిన్న కంపెనీలో చేరాను. ఊళ్ళకి నీళ్ళ సరఫరా లెక్కలు కట్టే ప్రోగ్రాములు రాసేవాళ్ళు. ఏ గొట్టంలో ఎంత ప్రెషర్, ఏ గంటకి ఏ పేటకి ఎన్ని నీళ్ళు కావాలి, అదీ మా పని. చేరిన రోజు ఫారం మీద అలవాటు ప్రకారం ఇంటిపేరు ముందు రాశాను. వాళ్ళు దాన్నే మొదటి పేరనుకుని బ్యాడ్జి మీద కొట్టేశారు. అప్పట్నుంచి ఆఫీసంతా నన్ను మా ఇంటిపేరుతో పిలవడం మొదలుపెట్టింది. మా తాతగారిని పిలుస్తున్నట్టుండేది నాకు.

రూత్ కెల్లర్ ఒక్కరే అడిగారు. అప్పటికే యాభై దాటిన మనిషి, పొట్టిగా, చెవి వెనకాల ఎప్పుడూ పెన్సిలుండేది. ఆ కంపెనీ బతికేదే ఆవిడ ఫోర్ట్రాన్ అనే పాత కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాము మీద. నా బ్యాడ్జి చదివి, "ఇందులో మీ అమ్మ నిన్ను ఏ పేరుతో పిలుస్తుంది?" అన్నారు. వెనకాలదాంతో అన్నాను. ఆ రోజు నుంచి ఆవిడ నన్ను వెనకాల పేరుతోనే పిలిచారు. ఆఫీసులో నా సొంత పేరు వినబడిన మొదటి గొంతు అదే. ఆవిడా నేనూ ఒకే జట్టు. ఆవిడ అక్షరాలు ఆర్.కె. నావి కె.ఆర్. రాసిన ప్రతి ఫైలు మొదటి పేజీ మీద ఎవరు రాశారో రెండక్షరాలు వెయ్యడం మా దగ్గర నియమం. "నువ్వు మీ దేశం పద్ధతి మార్చకు, మారిస్తే ఇద్దరం ఒకటైపోతాం" అన్నారు నవ్వుతూ.

ఆవిడకి నేను ఎంత రుణపడ్డానో చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టను? ఆఫీసు వెనకాల పార్కింగ్ లాట్‌లో తన పాత కారిచ్చి నాకు డ్రైవింగ్ నేర్పారు. రెండుసార్లు పక్కనున్న కర్బ్ గట్టు ఎక్కించాను. "పర్వాలేదు, దానికి నొప్పి తెలియదు" అన్నారు. మా ఆవిడ కొత్తగా వచ్చి అపార్ట్‌మెంట్‌లో బిక్కుబిక్కుమంటూ ఉన్నప్పుడు, ఆదివారం పూట వచ్చి గ్రోసరీ స్టోర్‌కి తీసుకెళ్ళేవారు. మా ఆవిడ పెట్టిన పులిహోర తిని, మిరపకాయ కొరికి, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే కూడా ఇంకాస్త వేయించుకున్నారు. పని సంగతి చెప్పక్కర్లేదు. నా తప్పులకి ఎప్పుడూ ఎర్ర సిరా వాడలేదు. పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి వదిలేసేవారు, తప్పేమిటో నేనే వెతుక్కోవాలి. అన్నిటికంటే ముఖ్యం, నా గ్రీన్ కార్డ్‌కి లెటర్ రాసింది ఆవిడే. రెండు పేజీల లెటర్. అందులో నన్ను జాగ్రత్తగా పనిచేసే మనిషని రాశారు.

జాగ్రత్తగా పనిచేసే మనిషి! నా బొంద.

ఎనభైల మధ్యలో మా మేనేజరుకి కొత్త మోజు పట్టుకుంది. అంకెల బదులు స్క్రీన్ మీద బొమ్మలు కావాలన్నాడు. ఊరి మ్యాపు, పేటలు, నీళ్ళు తగ్గితే ఎర్రరంగు. దానికి సి అనే కొత్త భాష బాగుంటుందన్నారు. నేను నేర్చుకున్నాను. రూత్ మాత్రం, "నేను దాని జోలికి రాను, నాకు ఈ జన్మకి ఫోర్ట్రాన్ చాలు" అని అందరి ముందూ చెప్పేశారు. కాబట్టి ఏర్పాటు ఏమిటంటే, లెక్కలు కట్టేది ఆవిడ ఫోర్ట్రాన్, ఊరివాళ్ళ అంకెలు చదివి అందించేది, వచ్చిన జవాబు బొమ్మగా చూపించేది నా సి. రెండు భాషలూ ఒకే ప్రోగ్రాములో కాపురం చెయ్యాలి. మధ్యలో తలుపు దగ్గర నిలబడే ఫైలు ఒకటుంది. దానిలో అంకెలు ఇటు నుంచి అటు చేతులు మారతాయి. అది రాయడం నా పని.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి, విసుక్కోకండి. పెళ్ళి భోజనాల్లో జనాన్ని వరసలుగా కూర్చోబెట్టారనుకోండి. ఒక వడ్డించేవాడు అడ్డంగా, ఒక వరస పూర్తిచేసి ఇంకో వరసకి వెళతాడు. రెండోవాడు నిలువుగా, ప్రతి వరసలో మొదటివాళ్ళందరికీ వేసి, తర్వాత రెండోవాళ్ళ దగ్గరికి వస్తాడు. సి మొదటి రకం, ఫోర్ట్రాన్ రెండో రకం. అడ్డంగా నింపిన అంకెల పట్టికని తీసుకెళ్ళి నిలువుగా వడ్డించేవాడి చేతిలో పెడితే విస్తళ్ళన్నీ నిండుతాయి, ఎక్కడా ఖాళీ ఉండదు. కానీ ఒకరి వంటకం ఇంకొకరి ఆకులో పడుతుంది. మెషీను ఒక్క మాటైనా అనదు. దాని దృష్టిలో తప్పేమీ లేదు.

ఇది నాకు తెలియక కాదు. రూత్ ముందే చెప్పారు. "వాళ్ళు అడ్డంగా, మనం నిలువుగా. ఎవరు ముందో ఎవరు వెనకో తలుపు దగ్గరే అడుగు. నీ పేరు లాంటిదే ఇదీ" అన్నారు. చెప్పి, ఇలాంటి తప్పులు పట్టుకోవడానికే ఆవిడ ఎప్పుడో తయారుచేసుకున్న పరీక్ష ఒకటి ఇచ్చారు. మూడు పేటలు, ఏడు గంటలు, ఏ అంకెకీ ఇంకో అంకెకీ పోలిక లేని పట్టిక. దాన్ని ఆవిడ వంకర టేబుల్ అనేవారు. అది సరిగ్గా వస్తే ప్రపంచమంతా సరిగ్గా వచ్చినట్టే.

ఆ శుక్రవారం సాయంత్రం డల్లాస్‌లో ఉగాది నాటకం రిహార్సల్ ఉంది. నాది పోలీసు వేషం. మొత్తం మూడు డైలాగులు. ఆ మూడు డైలాగుల కోసం నాలుగు గంటలకే బయలుదేరాలనుకున్నాను. వంకర టేబుల్ నడపాలంటే మెషీను మీద వంతు కోసం ఇంకో రెండు గంటలు కూర్చోవాలి. పొద్దున్నే నా సొంత టేబుల్ ఒకటి నడిపి చూశానుగా, అనుకున్నాను. ఆరు పేటలు, ఆరు గంటలు, చూడముచ్చటగా అమర్చిన అంకెలు. అడ్డంగా చదివినా నిలువుగా చదివినా ఒకేలా ఉండే అంకెలు! అది పరీక్ష కాదు, అద్దంలో మొహం చూసుకోవడం. అది నాకు అప్పుడు తట్టలేదు. ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ వారమే నా మొదటి బిజినెస్ కార్డులు వచ్చాయి, అమెరికా వాళ్ళలాగా పేరు ముందు, ఇంటిపేరు వెనక. ఆ ముచ్చటలో ఉన్నాను. కొత్త భాషలో రాసిన ఫైలు కదా, పేరు కూడా కొత్త పద్ధతిలోనే పెడదామని, ఆ తలుపు దగ్గర ఫైలు మొదటి పేజీ మీద ఆర్.కె. అని కొట్టాను. నన్ను నమ్మండి, అందులో దురుద్దేశం లేదు. ఉత్త టెక్కు.

కోటు వేసుకుంటుంటే రూత్ అడిగారు. "నా వంకర టేబుల్ పెట్టి చూశావా?"

"చూశాను" అన్నాను.

అంతే. మళ్ళీ అడగలేదు ఆవిడ. నమ్మారు. నాటకంలో నా మూడు డైలాగులకీ మంచి చప్పట్లు వచ్చాయి.

తర్వాతి వారం ఒక ఊరి నీళ్ళ శాఖ నుంచి ముగ్గురు వచ్చారు. మా మేనేజరు టై కట్టుకున్నాడు. స్క్రీన్ మీద వాళ్ళ ఊరు కనబడింది, ఎంత అందంగా ఉందో. ఆ ముగ్గురిలో పెద్దాయన కాసేపు చూసి, చాలా మర్యాదగా, "మా ఊళ్ళో పొద్దున ఏడింటికి ఎవరూ స్నానం చెయ్యడం మానేశారని నాకు తెలియదే" అన్నాడు. ఇళ్ళున్న పేటలో నీళ్ళే వాడటం లేదు. మూతబడిన స్కూలేమో సాయంత్రం ఏరులా వాడేస్తోంది. పక్కనున్నవాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు. నాకు ఆ క్షణంలోనే అర్థమైపోయింది. అడ్డమూ నిలువూ. వాళ్ళు కాఫీ తాగి, వేరే కంపెనీ చూసుకుంటామని చెప్పి వెళ్ళిపోయారు.

సోమవారం మేనేజరు గదిలోకి మా ఇద్దర్నీ పిలిచాడు. ఆయనకి కోడ్ చదవడం రాదు. ఎవరో తప్పున్న ఫైలు కనిపెట్టి, ప్రింటవుట్ తీసి ఇచ్చినట్టున్నారు. మొదటి పేజీ చూశాడు. "ఆర్.కె." అని పైకి చదివాడు. "రూత్, ఇది నీదన్నమాట." ఆ మాట అనడం ఆయనకి తేలికైందని ఆ గొంతులోనే తెలిసింది. పాతకాలపు మనిషిని వదిలించుకోవాలని ఎప్పట్నుంచో చూస్తున్నాడు.

రూత్ ఆ కాగితం అందుకున్నారు. అందులో ఉన్నది సి. ఆవిడ జన్మలో ఒక్క లైను కూడా రాయని భాష. చాలాసేపు చూశారు. తర్వాత, "అక్షరాలు నావే" అన్నారు.

అబద్ధం కాదు చూడండి. అక్షరాలు ఆవిడవే.

నేను పక్క కుర్చీలో ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. "అది నేను రాశాను." చిన్న వాక్యం, ఎవరికైనా వచ్చే వాక్యం. గ్రీన్ కార్డ్ కళ్ళముందు కదిలింది. ఉద్యోగం పోతే ఆ దరఖాస్తు పోతుంది, మా ఆవిడకి అయిదో నెల, ఎక్కడికి వెళ్ళాలి? ఇవన్నీ నిజాలే. కానీ ఇవన్నీ ఆలోచించాక నోరు మూసుకున్నానా, లేక ముందు నోరు మూసుకుని తర్వాత ఇవన్నీ వెతుక్కున్నానా? ఎన్నిసార్లు అడుక్కున్నానో ఈ ప్రశ్న. ఒక్కోసారి ఒక్కో జవాబు వస్తుంది. నోరు పెగల్లేదన్నది మాత్రం మారదు. శుక్రవారం కల్లా ఖాళీ చెయ్యమని ఆవిడకి చెప్పాడు.

ఆ మధ్యాహ్నం తేలు కుట్టిన దొంగలా ఆవిడ క్యూబికల్ దగ్గరికి వెళ్ళాను. ఇరవై ఏళ్ళ ప్రింటవుట్లు, పచ్చ చారల కాగితాల కట్టలు, పెట్టెలో సర్దుతున్నారు. ఆవిడ ఇంగ్లీషులో అన్న మాటలే తెలుగులో రాస్తున్నాను. ఒక్కటి కూడా మర్చిపోలేదు.

"గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూ ఎప్పుడు?" అన్నారు.

"వచ్చే నెల."

"నా లెటర్ ఫైల్లో ఉందా?"

"ఉంది."

పెట్టె మూత వేసి నావైపు చూశారు. "వంకర టేబుల్ నడపలేదు కదూ?"

తల అడ్డంగా ఊపాను. ఆ రోజు మొత్తానికి నేను చెప్పిన నిజం అదొక్కటే. అదీ నోటితో కాదు. "రూత్, ఐ యామ్..." అని మొదలుపెట్టాను.

"వద్దు" అన్నారు. కోపం లేదు ఆ గొంతులో. అలసట ఉందేమో. "నాకు చెప్పకు. నాకు తెలిసిందే నాకు చెబితే ఏం లాభం? తెలియని మనిషి ఆ గదిలో ఉన్నాడు. అయిదింటి దాకా ఉంటాడు."

చెవి వెనకనుంచి పెన్సిలు తీసి చిన్న కాగితం మీద ఏదో రాసి నా చేతిలో పెట్టారు. తలుపు దగ్గర ఏది ముందు, ఏది వెనక పెట్టాలో, ఒకే ఒక్క లైను. కింద ఇంకో లైను: "సరిచేశాక పేరు మీ దేశం పద్ధతిలో రాయి."

నా సీటుకి వచ్చి కూర్చున్నాను. మేనేజరు గది తలుపు నాకు ఎదురుగానే ఉంది, తెరిచే ఉంది. మూడయింది. నాలుగయింది. ఆయన ఫోనులో మాట్లాడాడు, కాఫీకి లేచాడు, నన్ను చూసి తలూపాడు కూడా. అయిదింటికి కోటు చేతిమీద వేసుకుని, లైటు ఆర్పి వెళ్ళిపోయాడు. నేను కుర్చీలోంచి కదల్లేదు.

మర్నాడు ఫైలు సరిచేశాను. ఆవిడ రాసిచ్చిన ఒక్క లైనుతో అంతా చక్కబడింది. మొదటి పేజీ మీద, సరిచేసింది కె.ఆర్. అని రాశాను. రాసింది ఆర్.కె. అన్నది అలాగే ఉంచాను. చూశారా? పక్కపక్కనే, ఆవిడ పాడుచేసినట్టు, నేను బాగుచేసినట్టు. మేనేజరు భుజం తట్టాడు. ఆవిడ సీటు నాకిచ్చారు. నెల తిరక్కుండా గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూ అయింది. ఆఫీసరు ఆ లెటర్ తిరగేసి, "మీ మీద మంచి అభిప్రాయం ఉందే ఈవిడకి" అన్నాడు. అవునండీ అన్నాను.

ఆవిడ ఎందుకలా చేశారు? నాకోసమా? ఎలాగూ తరిమేస్తారు, ఇంకొకడైనా బతకనీ అనుకున్నారా? విసిగిపోయారా? లేక నేనే లేచి చెబుతానేమోనని నాకు చివరి పరీక్ష పెట్టారా, ఇంకో వంకర టేబుల్? త్యాగం అనుకుంటే నాకు హాయి. అందుకే ఆ మాట నమ్మను. ఆవిడ దగ్గరనుంచి పోయింది ఉద్యోగం ఒక్కటే కాదు. ఇరవై ఏళ్ళలో ఒక్క తప్పు లేని మనిషన్న పేరు. ఆ పేరు మీద మచ్చ నా చేతిరాత.

ఆ తర్వాత ఆవిడ హైస్కూల్లో లెక్కలు చెప్పుకున్నారు. ప్రతి క్రిస్మస్‌కీ థాంక్స్ చెబుతూ కార్డులు పంపేవాణ్ణి. పాప పుట్టిందని రాశాను, ఇల్లు కొన్నామని రాశాను. ఆ ఒక్క వాక్యం తప్ప అన్నీ రాశాను. ఆవిడ జవాబిచ్చేవారు. కవరు మీద ఎప్పుడూ నా పేరు మన వరసలోనే, ఇంటిపేరు ముందు. ఒక ఏడు నా కార్డు తిరిగొచ్చింది. తర్వాత ఆవిడ చెల్లెలు రెండు ముక్కల ఉత్తరం రాసింది, ఇక లేరని. ఆ సంవత్సరం నుంచే థాంక్స్‌గివింగ్ బల్ల దగ్గర ఆవిడ పేరు చెప్పడం మొదలుపెట్టాను.

ఆ కృతజ్ఞత దొంగది కాదు. అది కూడా చెప్పాలి మీకు. నేను కారు నడిపే ప్రతిసారీ, పిల్లలకి తప్పు దిద్దేటప్పుడు పెన్సిలు తీసుకున్న ప్రతిసారీ ఆవిడ గుర్తొస్తారు. నా జీవితంలో మంచి అన్నదానికి సగం ఆవిడ పెట్టిన భిక్ష. ఎంతో ఇష్టంగా తలుచుకుంటాను. కానీ కృతజ్ఞత చెప్పడం ఎంత తేలికో! అందరూ మెచ్చుకుంటారు. తలవంచుకుని చెబితే వినయం అనుకుంటారు.

ఇవాళ పొద్దున ఇదంతా మా ఆవిడకి చదివి వినిపించాను. రూత్ రాసిచ్చిన చీటీ కూడా చూపించాను, పెన్సిలు రాత దాదాపు చెరిగిపోయింది. మా ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత ఒక్కటే అడిగింది.

"ఆయన నిజంగా అయిదింటి దాకా ఉన్నాడా?"

"ఉన్నాడు."

లేచి స్టవ్ మీద పాలు దించింది.

ఇది చదివి నన్ను క్షమించమని అడగటం లేదు. ఆ పని మీది కాదు. చెయ్యగలిగినావిడ లేరు, ఉన్నప్పుడు నేను అడగలేదు. తెలిసినవాళ్ళకి చెప్పి లాభం లేదని, తెలియనివాళ్ళకే చెప్పాలని ఆవిడ అన్నారు. ఆ గది తలుపు దాటడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఇప్పుడు మీకు తెలుసు. ఛాతీ మీద ఏదో కాస్త కదిలింది, ఊపిరి ఇదివరకటి కంటే లోపలికి వెళుతోంది. అంతకు మించి ఏమీ జరగలేదు.

మా దగ్గర ప్రతి ఫైలు మీదా ఎవరు రాశారో రెండక్షరాలు వెయ్యాలని చెప్పాను కదా. ఇది రాసింది, అది రాసింది కూడా, కె.ఆర్.